లప్పం ఉండ

"ఫ్రేము ఏ రంగులో కావాలమ్మా?" అని అద్దాలమ్మ రెండోసారి అడిగింది.

బల్ల మీద ఉన్న ఫోటోలో ఒక పెద్దమనిషి నవ్వుతున్నాడు. ఫోటో తెచ్చినావిడ ఆయన భార్య. కానీ ఆవిడ చూపు ఫోటో మీద లేదు, అద్దాలమ్మ ముందు పరిచిన ఫ్రేము ముక్కల మీదా లేదు. దుకాణం వెనకభాగంలో స్టూలు మీద కూర్చున్న మేస్త్రీ కుడి చేతి మీద ఉంది.

మేస్త్రీ అద్దాలమ్మ భర్త. అప్పుడే ఒక అద్దం కోసి, కట్టరు పక్కన పెట్టి, టీ ఎప్పుడొస్తుందా అని వీధిలోకి చూస్తున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి మాత్రం ఊరికే లేదు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ, మధ్యలో ఏదో చిన్న ఉండ ఉన్నట్టూ దాన్ని చుడుతున్నట్టూ ఆడుతున్నాయి.

"అది అలవాటండీ" అంది అద్దాలమ్మ, ఎవరూ అడక్కముందే. "కిటికీ అద్దాలు కదలకుండా అంచుల్లో లప్పం పెడతాం కదా. రోజంతా దాన్ని వేళ్ళతో ఉండలు చేసీ చేసీ, ఖాళీగా కూర్చున్నా ఆ వేళ్ళు ఊరుకోవు."

ఈ మాట మొదట మేస్త్రీ అన్నాడు. తర్వాత కూతురు అంది. ఆ తర్వాత అద్దాలమ్మ కూడా వచ్చినవాళ్ళకి అదే చెప్పడం మొదలుపెట్టింది. చెప్పగా చెప్పగా అది నిజమేనన్న ధైర్యం కూడా వచ్చింది.

ఫోటో తెచ్చినావిడ బల్ల మీదికి కాస్త వంగింది. "మా ఆయన దర్జీ" అంది గొంతు తగ్గించి. "సూదీ దారమూ పట్టుకునే చెయ్యి కదా, అందుకే ఆ వేళ్ళు అలా ఆడతాయని మేమూ అనుకున్నాం."

అద్దాలమ్మ చేతిలో ఉన్న ఫ్రేము ముక్క కింద పెట్టింది.

"పని పట్టుకుంటే చెయ్యి ఆగిపోతుంది కదూ? ఖాళీగా ఉంటేనే ఆడుతుంది?"

"అవును."

"మాకూ అంతే. పనిలో బాగానే ఉన్నాడు కదా అని ఊరుకున్నాం. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చాలా ఆలస్యమైంది. ముందే వచ్చుంటే మందులతో ఇంకొన్నేళ్ళు తన చొక్కా గుండీలు తను పెట్టుకునేవాడమ్మా అన్నారు." ఆవిడ ఫోటోని తనవైపు తిప్పుకుని, మళ్ళీ అద్దాలమ్మ వైపు తిప్పింది. "పెద్దాసుపత్రిలో ఫ్యామిలీ డాక్టరు ఉత్తరం లేందే లోపలికి రానివ్వరు. మా డాక్టరుని ఆ ఉత్తరం అడగడానికి నేను మొహమాటపడ్డాను. ఇన్నేళ్ళు చూసిన మనిషి, నా వైద్యం మీద నమ్మకం పోయిందా అనుకుంటాడేమోనని."

టీ వచ్చింది. మేస్త్రీ గ్లాసు అందుకోగానే ఆ చెయ్యి బుద్ధిగా నిలబడిపోయింది.

"నల్ల ఫ్రేము మాత్రం వద్దు" అంది ఆవిడ మామూలు గొంతుతో. "లేత రంగుది ఏదైనా వెయ్యండి. ఆయనకి నలుపు పడేది కాదు."

మర్నాడు బట్టలు నానబెడుతూ అద్దాలమ్మ భర్త చొక్కాలన్నీ విడిగా తీసి ముందేసుకుంది. ప్రతి చొక్కాకీ మెడ దగ్గర ఒక్క గుండీ తప్ప మిగతావన్నీ పెట్టే ఉన్నాయి. చాలా రోజులుగా అలాగే వస్తున్నాయి. తల మీంచి లాగేసి, మళ్ళీ తల మీంచే తొడుక్కుంటున్నాడు. ఇదేం బద్ధకమండీ, చిన్నపిల్లాడిలా, అని తిట్టుకుంటూ ఒక్కో గుండీ తీసి ఉతికి, ఆరాక మళ్ళీ గుండీలు పెట్టి మడవడమే తప్ప, ఎందుకలా చేస్తున్నాడని ఆలోచించలేదు. ఇప్పుడు తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఒకటొకటే కనబడసాగాయి. దుకాణం గోడ మీద మేస్త్రీ పెన్సిలుతో కొలతలు రాసుకుంటాడు. పాత అంకెలు వీధిలోంచి చదవచ్చు. కొత్తవి మొదలు పెద్దగా ఉండి, చివరికి వచ్చేసరికి చీమల బారులా సన్నబడిపోతున్నాయి. మొన్న అద్దాలమ్మ ఒక కొలత చదవలేక ఆయన్నే అడిగింది. "కళ్ళజోడు మార్చుకో" అన్నాడు.

"ఏమండీ, ఒకసారి డాక్టరన్నయ్యగారికి ఆ చెయ్యి చూపిద్దామా?" అంది మధ్యాహ్నం, ఆయన స్కేలు తుడుచుకుంటుంటే.

"వారం వారం చూస్తూనే ఉన్నాడు కదా. శనివారం వచ్చిందంటే వాడి మొహం నేనూ, నా మొహం వాడూ చూడక తప్పడం లేదు."

"మొహం కాదు. చెయ్యి."

"చెయ్యి నాతోపాటే వస్తుందిలే. ఇంట్లో వదిలేసి వెళ్ళట్లేదు."

"నరాల డాక్టరుకి చూపించడానికి ఒక ఉత్తరం..."

"ఇంట్లోనే ఒక డాక్టరమ్మ తయారైంది, ఇంక బయటవాళ్ళెందుకు" అన్నాడు మేస్త్రీ. "ముందు ఆ వ్యాయామశాల అద్దం సంగతి చూడనీ. నిలువుటద్దం, మనిషికంటే ఎత్తు. మెట్ల మీంచి పైకి మొయ్యాలి."

"ఎవరు మోస్తారు?"

"అద్దం నాది. నేను మొయ్యక ఎవరు మోస్తారు?"

ఆయన కట్టరు అందుకుని దాని చిన్న చక్రాన్ని కిరోసిన్‌లో ముంచాడు. స్కేలు ఆనించి గాజు మీద ఒక్క గీత గీశాడు. గీత గీసేటప్పుడు మధ్యలో ఆగకూడదు, వెనక్కి రాకూడదు. గీసిన గీత మీద మళ్ళీ గీయకూడదు. కిర్రుమని ఒకే చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరదాకా సాగింది. గాజుని బల్ల అంచుకి జరిపి చిన్నగా నొక్కితే రెండు ముక్కలై చేతుల్లోకి వచ్చింది. చెయ్యి ఎక్కడా తొణకలేదు. చూశావా అన్నట్టు భార్య వైపు చూసి కనుబొమలెగరేశాడు.

సాయంత్రం తనకి రక్తపోటు మాత్రలు కావాలన్న వంకతో అద్దాలమ్మ ఒక్కతే, మేస్త్రీ చిన్ననాటి స్నేహితుడైన ఆ డాక్టరు క్లినిక్‌కి వెళ్ళింది.

అక్కడ టోకెన్లు ఇచ్చే మనిషిని అందరూ టోకెన్లమ్మ అంటారు. డాక్టరుని పేరు పెట్టి పిలిచేంత వయసూ, పిలవగల చొరవా ఉన్నది ఆ క్లినిక్‌లో ఆవిడకొక్కదానికే.

"నీకా, ఆయనకా?" అంది టోకెన్లమ్మ.

"నాకే. మాత్రలు."

"మాత్రలకైతే నన్నడిగితే ఇచ్చేదాన్ని. మాట్లాడాలంటే అదీ చెప్పు. నేనేం పత్రికలో వేయించను." టోకెను చేతిలో పెట్టి, "మాట్లాడటానికే వచ్చినట్టున్నావు. వెళ్ళు" అంది.

డాక్టరు గదిలో రోగి కోసం ఒకే కుర్చీ ఉంటుంది. భర్తతో వచ్చినప్పుడల్లా ఆ కుర్చీలో ఆయన కూర్చుంటాడు, అద్దాలమ్మ బరువు చూసే యంత్రం పక్కన చేతిసంచి పట్టుకుని నిలబడుతుంది. ఈరోజు కుర్చీ ఖాళీగా ఉన్నా అలవాటుకొద్దీ యంత్రం దగ్గరికే వెళ్ళి నిలబడింది.

"అక్కడెందుకు నిలబడ్డావు చెల్లెమ్మా, బరువేమైనా పెరిగావా?" అని నవ్వాడు డాక్టరు. ఆయన వెనక గోడ మీద ఆయన చదువుల పట్టాలు వరసగా ఉన్నాయి. అన్నీ మేస్త్రీ కట్టిన ఫ్రేములే. వాటి వెనక దుమ్ము చేరకుండా అంటించిన మందపు కాగితం అద్దాలమ్మ చేతిది.

ఆవిడ కూర్చుని, చేతి సంగతి చెప్పింది. గుండీల సంగతి చెప్పబోతుండగా డాక్టరు అడ్డం వచ్చాడు.

"వాడి చెయ్యి నాకు తెలియదా? చిన్నప్పుడు బడి గోడ మీద మట్టి పూసి ఇద్దరం దెబ్బలు తిన్న చేతులు. లప్పం చుట్టే వేళ్ళు, ఊరుకోవు."

"పనిలో ఆగిపోతోంది. ఖాళీగా ఉంటేనే..."

"అదే కదా నేననేది. పనిలో బాగుంటే చాలదా?" ఆయన మాత్రల చీటీ రాస్తూ తలెత్తలేదు. "వయసు మీద పడుతోందమ్మా, నీకూ, వాడికీ, నాకూ. నువ్వు దిగులు పెట్టుకుంటే నీ రక్తపోటే పెరుగుతుంది."

"ఒక ఉత్తరం రాస్తే, ఏమీ లేదని వాళ్ళే చెప్తారు కదా అన్నయ్యగారూ."

డాక్టరు చీటీ చింపి ఆవిడ చేతికిచ్చాడు. "మనిషిని చూడకుండా ఉత్తరం ఎలా రాస్తాను? తీసుకురా, చూస్తాను" అన్నాడు. ఆ మాట తలుపు వైపు చూస్తూ అన్నాడు.

వీధిలోకి వచ్చాక ఆవిడకి ఆ మాట ఎక్కడో అడ్డం తగిలింది. మనిషిని చూడకపోవడమేమిటి? శనివారం శనివారం క్లినిక్ మూసే వేళకి మేస్త్రీ అక్కడే ఉంటాడు. ఇద్దరూ కాళ్ళు చాపుకుని, లోకంలో ఉన్న తప్పులన్నీ ఎంచి, ఎవరింటికి వాళ్ళు పోతారు. అంతసేపు ఎదురుగా కూర్చున్న డాక్టరుకి ఆ చెయ్యి ఎందుకు కనిపించలేదు?

దుకాణం మలుపు తిరుగుతుండగా తట్టింది. ఆయన ఉత్తచేతులతో వెళ్ళడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన లప్పం ఉండ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడ కూర్చున్నా అది తీసి వేళ్ళ మధ్య పెట్టుకుంటాడు. లప్పం ఉన్నప్పుడు చెయ్యి ఆడటం పనిలా కనిపిస్తుంది. పాపం, డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? ఆయనకి ఎప్పుడూ కనిపించింది లప్పమే.

అంతలోనే మనసు తేలికపడింది. ఉండ లేకుండా తీసుకెళ్తే చాలు.

మర్నాడు కూతురు డ్యూటీ మధ్యలో దుకాణానికి వచ్చింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. వచ్చినప్పుడల్లా స్టూలు మీద కూర్చోదు, బల్ల మీద ఎక్కి కూర్చుంటుంది.

"బల్ల దిగవే. గాజు పెంకులుంటాయి" అంది అద్దాలమ్మ.

"నాన్న ఏడీ?"

"వెనక. అద్దం తెస్తున్నారు."

కూతురు తల్లి వైపు వంగింది. "అమ్మా, నిన్న నాన్న నా బస్సు వెనక నడుస్తున్నాడు. స్టాపులో ఆగినప్పుడు పక్కద్దంలో కనిపించాడు. ముందు ఎవరో ముసలాయన అనుకున్నాను. దగ్గరికొచ్చేదాకా నాన్నని పోల్చుకోలేదు."

"ఏం?"

"ఒక చెయ్యి ఊగుతోంది. రెండోది ఊగట్లేదు. ఎవరిదో చెయ్యి అరువు తెచ్చుకుని తగిలించుకున్నట్టు, పక్కన అలా వేలాడుతోంది." నవ్వబోయి మానేసింది. "నాన్న వేళ్ళకి బ్రేకు పడటం లేదని నేను వేళాకోళం చేసేదాన్ని కదా. ఇది వేళాకోళంలా లేదమ్మా."

వెనక గదిలోంచి మేస్త్రీ కిటికీ అద్దం పట్టుకుని వస్తున్నాడు. రెండు చేతులూ స్థిరంగా ఉన్నాయి. గడప దగ్గర కుడి కాలు పైకి లేవాల్సినంత లేవలేదు. చెప్పు కొన గడపకి తగిలింది. ఆయన ముందుకి తూలి, తలుపు చట్రాన్ని భుజంతో ఆనుకుని నిలదొక్కుకున్నాడు. అద్దం నిలబడలేదు. పగిలిన చప్పుడుకి వీధిలో వెళ్ళే మనిషి ఆగి లోపలికి చూశాడు.

కూతురు బల్ల దిగి తండ్రి చేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా తెగలేదు.

"గడప మీద సంచి ఎవరు పెట్టారు?" అన్నాడు మేస్త్రీ.

గడప మీద ఏ సంచీ లేదు. అద్దాలమ్మ గడప వైపు చూసింది, కూతురు తల్లి వైపు చూసింది. "నేనే పెట్టానండీ, ఇప్పుడే తీశాను" అంది అద్దాలమ్మ.

చీపురు తెచ్చి పెంకులు ఊడ్చింది. సన్నటి పెంకులు చీపురుకి రావు. తడిగుడ్డ అద్ది అద్ది తియ్యాలి. గడప పక్కన నేల మీద కూర్చుని, వెలుతురికి తల వంచి చూసుకుంటూ, ఒక్కొక్కటే అద్ది తీసింది. ఇదే రేపు నిలువుటద్దమైతే, ఇదే మెట్ల మీదైతే, అనుకుంది. మేస్త్రీ స్టూలు మీద వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాడు. జేబులోంచి లప్పం తీసి చుట్టుకుంటున్నాడు.

శనివారం అద్దాలమ్మ భర్తకి ఉతికిన చొక్కా ఇచ్చింది. పాత చొక్కా జేబులోని ఉండని తీసి కిటికీ మీద పెట్టింది.

"రక్తపోటు చూస్తారట. నేనూ వస్తాను మీతో" అంది.

"శనివారం మా ఇద్దరిదీ."

"నా రక్తపోటు చూశాక మీ ఇద్దరూ ఉందురు గాని."

సగం దూరం వెళ్ళాక ఆయన జేబు తడుముకున్నాడు. ఆగి మళ్ళీ తడుముకున్నాడు. "లప్పం ఏదీ?"

"చొక్కా ఉతకడానికి తీశాను కదా. కిటికీలో పెట్టాను."

"వెళ్ళి తెచ్చుకొస్తా."

"దేనికి? అద్దం బిగించడానికి వెళ్తున్నామా?"

మేస్త్రీ కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని నడిచాడు. ఆయన అడుగులు చిన్నవయ్యాయి. ఆవిడ తన అడుగులు కూడా చిన్నవి చేసుకుంది. ఆయన మీద జాలి వేసింది. దొంగతనం చేసినట్టూ అనిపించింది. అయినా వెనక్కి తిరగలేదు.

క్లినిక్ ఖాళీ అయింది. టోకెన్లమ్మ కుర్చీలు గోడకి జరుపుతోంది. ఇద్దర్నీ కలిపి చూసి, "ఇవాళ సభకి ఆడవాళ్ళని కూడా రానిస్తున్నారా?" అంది.

డాక్టరు గదిలో మేస్త్రీ తన కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలమ్మ బరువు యంత్రం పక్కన నిలబడింది.

"ఏరా, కాపలా తెచ్చుకున్నావా?" అన్నాడు డాక్టరు.

"తనే వచ్చింది. రక్తపోటట."

"నాకు తర్వాత చూడచ్చు అన్నయ్యగారూ" అంది అద్దాలమ్మ. "మనిషిని చూస్తేగాని ఉత్తరం రాయనన్నారు. తీసుకొచ్చాను. ఏమండీ, ఆ చెయ్యి బల్ల మీద పెట్టండి."

మేస్త్రీ స్నేహితుడి వైపు చూశాడు. తర్వాత జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. అది కాసేపు ఊరుకుంది. మొదట బొటనవేలు కదిలింది. వెంటనే చూపుడువేలు దానికి జత కలిసింది. మణికట్టు కూడా కదలసాగింది. బల్ల మీద ఉన్న పెన్నుల డబ్బాలో పెన్నులు సన్నగా చప్పుడు చేశాయి.

చూశారా, అని ఆవిడ అనబోయింది.

అంతలో డాక్టరు ఎడమ చేత్తో తన బల్ల సొరుగు లాగాడు. అటు చూడలేదు, వెతకలేదు. చెయ్యి తిన్నగా ఒక చోటికి వెళ్ళింది. అందులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చిన్న ఉండ తీసి, కాగితం విప్పి, మేస్త్రీ వేళ్ళ మధ్య పెట్టాడు. మేస్త్రీ వేళ్ళు దాన్ని అందుకున్నాయి. పెన్నుల చప్పుడు ఆగిపోయింది.

లప్పం.

అద్దాలమ్మ బల్ల దగ్గరికి వచ్చి భర్త వేళ్ళ మధ్య నుంచి ఆ ఉండ తీసుకుంది. నొక్కి చూసింది. మెత్తగా వేలిముద్ర పడింది. లప్పం ఎంత చుట్టి పెట్టినా కొన్నాళ్ళకి రాయిలా బిగుసుకుపోతుంది. మెత్తగా ఉందంటే ఈమధ్యే తమ దుకాణంలో కలిపినదన్న మాట. అంతకు ముందు ఇంకొకటి ఉండేది, అది గట్టిపడితే మార్చారు. దానికి ముందు మరొకటి.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు అన్నయ్యగారూ?"

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మొహం తుడుచుకున్నాడు.

"వాణ్ణేం అనకు" అన్నాడు మేస్త్రీ. "నేనే వద్దన్నాను. ఉత్తరం రాస్తానని వాడు ఎన్నోసార్లు అన్నాడు."

"అన్నాను. గట్టిగా అనలేదు" అన్నాడు డాక్టరు.

"ఆ కాగితం పట్టుకుని వెళ్ళానంటే నేను రోగిని. అందాకా మేస్త్రీని. ఎంత వీలైతే అంత వెనక్కి నెడదామనుకున్నాను."

"నేను చూపించడానికి తీసుకొచ్చాననుకుంటున్నాను" అంది అద్దాలమ్మ. ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "మీరిద్దరూ ఇక్కడ కూర్చుని దాచుకుంటున్నారన్న మాట. మొన్న నన్ను దిగులు పెట్టుకోవద్దన్నారు. నా రక్తపోటు గురించి చెప్పారు. నాకు కళ్ళజోడు మార్చుకోమని ఈయన చెప్పారు. నాకే ఏదో అయిందేమో అనుకున్నాను."

ఇద్దరు మగవాళ్ళూ బడిలో నిలబెట్టిన పిల్లల్లా బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

"వాడు నవ్వుతూ వస్తున్నాడు, నవ్వుతూ వెళ్తున్నాడు" అన్నాడు డాక్టరు చివరికి. "రాస్తే ఆ శనివారాలు పోతాయేమోనని భయపడ్డాను చెల్లెమ్మా. వాడు వేరే ఎవరైనా అయ్యుంటే మొదటి రోజే రాసేవాణ్ణి. అది నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

"మా దుకాణానికి ఒకావిడ పోయిన భర్త ఫోటో తెచ్చింది. ఆవిడ మొహమాటపడి ఉత్తరం అడగలేదు. మీరు మొహమాటపడి రాయలేదు. మొహమాటం మీదీ ఆవిడదీ, గుండీలు పెట్టుకోలేక తల మీంచి చొక్కా లాక్కునేది మాత్రం ఆయనా, ఈయనా."

మేస్త్రీ చప్పున తలెత్తాడు. గుండీల సంగతి ఆవిడకి తెలుసునని ఆయనకి తెలియదు.

"పేరు పెట్టకపోతే రాదనుకున్నారు ఇద్దరూ. పేరు లేకుండానే అది మా ఇంట్లోకొచ్చి కూర్చుంది. మొన్న గడప దగ్గర పడేసింది. మీరు రాయండి అన్నయ్యగారూ. రాయకపోతే నేను రోజూ వచ్చి ఆ బరువు యంత్రం పక్కన నిలబడతాను. నాకు నిలబడటం అలవాటే."

మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. కుర్చీని భార్య వైపు జరిపాడు. "కూర్చో" అన్నాడు. "వాడు అడిగేవాటికి నాకంటే నీకే బాగా తెలిసేలా ఉంది." ఆయన వెళ్ళి బరువు యంత్రం పక్కన నిలబడ్డాడు.

అద్దాలమ్మ కూర్చుంది. డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని, కాగితాల కట్టలోంచి ఒక కాగితం లాగాడు.

"చెప్పమ్మా. మొదట ఏం చూశావు?"

ఆవిడ చెప్పింది. ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యి ఆడటం చెప్పింది. గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉతుక్కి రావడం, గోడ మీద అంకెలు చివరికి చీమలంత అవడం చెప్పింది. కూతురు బస్సు అద్దంలో చూసి తండ్రిని పోల్చుకోలేకపోవడం చెప్పింది. మంచం మీద అటు నుంచి ఇటు తిరగడానికి ఆయన మంచం పట్టీ పట్టుకోవడం చెప్పింది. ఇంట్లో పాలు మాడి ఇల్లంతా వాసన కొట్టినా ఆయనకి తెలియలేదని, అది తను అప్పట్లో పరధ్యానం అనుకుందని చెప్పింది. డాక్టరు ఒక్క మాటకి కూడా అడ్డం రాలేదు. పాల సంగతి దగ్గర మాత్రం పెన్ను ఆపి, "వాసన కూడా పోయిందా, ఇది నాకు తెలియదు" అని గొణుక్కుని, రాసుకున్నాడు.

"ఇన్ని చూశావా?" అన్నాడు మేస్త్రీ వెనక నుంచి.

"రోజూ పక్కనే ఉంటాను కదండీ."

డాక్టరు సంతకం చేసి ఆవిడకే ఇచ్చాడు. "ఇది బాగైపోతుందని నేను చెప్పను చెల్లెమ్మా. మందులతో పని తేలికవుతుంది. చేతికీ నడకకీ వ్యాయామాలు చెప్తారు. ఆలస్యం నాది. అది కూడా రాశాను ఇందులో, చాలా రోజులుగా గమనిస్తున్నానని."

బయట టోకెన్లమ్మ కాగితం చూసి ముద్ర వేసింది. "తేదీ దొరకడానికి వారాలు పడుతుంది. నేను రోజూ ఫోన్ చేస్తూనే ఉంటాలే. నా పోరు పడలేక ఎవరిదైనా మానేసిన తేదీ మనకి పడేస్తారు" అంది. తర్వాత మేస్త్రీతో, "వచ్చే శనివారం రావడం మానేశావంటే ఇంటికొచ్చి తీసుకొస్తాను. ఆ మనిషి ఒక్కడే కూర్చుని నా బుర్ర తింటాడు" అంది.

మేస్త్రీ నవ్వాడు. లప్పం ఉండ అద్దాలమ్మ చేతిలోనే ఉంది. దాన్ని సంచిలో వేసుకుంది.

నిలువుటద్దం కోసే రోజున ఫోటో ఆవిడ వచ్చింది. లేత రంగు ఫ్రేములో దర్జీ నవ్వుతూ సిద్ధంగా ఉన్నాడు. వెనక కాగితం అంటించిన గమ్ము ఇంకా ఆరలేదని అద్దాలమ్మ ఆవిడని కాసేపు కూర్చోమంది.

వ్యాయామశాల నుంచి అద్దం మొయ్యడానికి వచ్చిన ఇద్దరు మనుషులు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. వాళ్ళని పిలిపించింది మేస్త్రీయే. మెట్ల మలుపు ఎలా తిప్పాలో, ఏ వైపు గోడకి ఆనించాలో వాళ్ళకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

బల్ల మీద దుప్పటి పరిచి అద్దాన్ని బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. మేస్త్రీ కట్టరు ముంచాడు. అద్దాలమ్మ స్కేలు ఆ చివర నొక్కి పట్టుకుంది. ఆయన కట్టరుతో పాటు తనూ వెనక్కి నడుస్తూ పొడుగునా గీత లాగాడు. చప్పుడు ఎక్కడా తెగలేదు. అద్దంలో కూడా ఒక మేస్త్రీ, ఒక అద్దాలమ్మ వంగి ఇటువైపే చూస్తున్నారు. కింద నుంచి చిన్నగా తట్టి నొక్కగానే అంచు ముక్క తిన్నగా విడివడింది. గుమ్మంలోని ఇద్దరూ అద్దాన్ని ఎత్తుకుని వెళ్ళారు. మేస్త్రీ వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యి మొదలుపెట్టింది. అలవాటుగా జేబు వైపు వెళ్ళింది. జేబు ఖాళీ. అద్దాలమ్మ సంచిలోంచి ఉండ తీసి ఇచ్చింది.

ఆయన దాన్ని కాసేపు చూశాడు. పక్కన మొన్న పగిలినదానికి బదులు కోసిన కిటికీ అద్దం చట్రంలో బిగించి ఉంది. అంచున ఒక చోట లప్పం తక్కువైంది. ఉండని సన్నగా సాగదీసి అక్కడ పెట్టి, బొటనవేలితో ఒత్తుకుంటూ మూలదాకా లాగాడు. మిగిలింది లప్పం డబ్బాలో వేసి మూత పెట్టాడు.

తర్వాత చెయ్యి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒళ్ళో కాదు, జేబులో కాదు. వీధిలో వెళ్ళేవాళ్ళకి కూడా కనిపించే చోట.

ఫోటో ఆవిడ ఆ చేతిని చూసి, అద్దాలమ్మ వైపు చూసింది.

"ఉత్తరం రాశారు" అంది అద్దాలమ్మ.

"మొహమాటపడకుండా అడిగారా?"

"తను అడిగింది, నేను పక్కన నిలబడ్డానండీ" అన్నాడు మేస్త్రీ.

గమ్ము ఆరింది. అద్దాలమ్మ ఫ్రేము గుడ్డతో ఇంకోసారి తుడిచి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ వెళ్ళిపోయాక స్టూలు జరుపుకుని భర్త పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి ఆడుతూనే ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుని ఆపలేదు. టీ వచ్చేదాకా ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.